అరుగు మీద నుంచి లుఖ్మా

మా ముత్తాత ఈ పట్నానికి ఖాజీ. ఆయన తండ్రి మా మసీదుకు ఖతీబు. ఆయన శుక్రవారం ప్రసంగం వినడానికి పెందుర్తి నుంచీ సబ్బవరం నుంచీ బళ్ళు కట్టుకుని వచ్చేవారట. మసీదు సేవకు సంస్థానం వారిచ్చిన ఇనాం భూములు మా తాత కాలం దాకా మా చేతిలోనే ఉన్నాయి. తాత హాఫిజ్, అంటే ఖురాన్ మొత్తం కంఠస్థం చేసినవారు. రంజాన్ నెలలో ప్రతి రాత్రీ తరావీహ్ నమాజులో ముందు నిలబడి, నెల ముగిసేలోగా గ్రంథమంతా చూడకుండా చదివి వినిపించేవారు. అలా పూర్తి చేయడాన్ని ఖతం అంటాం. ఆయన తరువాత ఆ చోటు మా నాన్నది, అబ్బాజాన్‌ది. భూములు పోయాయి, గుర్రబ్బండి పోయింది, ఖాజీ పదవి వేరే ఇంటికి పోయింది. ఇమాము నిలబడే ఆ చాప మాత్రం మాదే. అక్కడ నిలబడి చదివినందుకు అబ్బాజాన్ ఎన్నడూ నజరానా పుచ్చుకోలేదు. ఖతం రోజున ఎవరైనా శాలువా కప్పితే, దాన్ని మడిచి గుమ్మం దగ్గర కూర్చున్న పేదవాడి భుజాన వేసి ఇంటికి వచ్చేసేవారు.

పాతపట్నంలో మా ఇల్లు మసీదుకు ఎదురుగా ఉండేది. మధ్యలో సన్నటి సందు. పోర్టులో ఓడలకెక్కించే ఇనుప ఖనిజం ధూళి అక్కడి దాకా ఎగిరొచ్చి, పండక్కి ఉతికి ఆరేసిన తెల్లబట్టల్ని ఎర్రబరిచేది. నేను ఆ పోర్టులోనే గుమాస్తాని. ఇంటికి ఒక జీతం రావాలని అబ్బాజానే నన్ను తెలుగు బడిలో వేశారు. ఖురాన్ చూసి చదవడం నాకు వచ్చు, కంఠస్థం లేదు. ఇందులో ఆయన తప్పూ లేదు, నా తప్పూ లేదు.

హాఫిజ్‌కి రంజాన్ అంటే ఆకలిదప్పులు ఓర్చుకోవడం ఒక్కటే కాదు. రాత్రి చదవబోయే భాగాన్ని పగలు ఎవరికైనా అప్పజెప్పుకోవాలి. డెబ్బైల నుంచీ వినే పని నాది. డ్యూటీ నుంచి వచ్చి, ఎండిన గొంతుతో గ్రంథం తెరిచి ఆయన ఎదురుగా కూర్చునేవాణ్ణి. ఆయన కళ్ళు మూసుకుని చదివేవారు. ఏళ్ళ తరబడి నేను నోరు విప్పాల్సిన పని పడలేదు.

ఖురాన్‌లో కొన్ని ఘట్టాలు ఒకటికి రెండు చోట్ల వస్తాయి. రాజు కొలువులో మంత్రగాళ్ళు ఓడిపోయి సాష్టాంగపడే ఘట్టం అలాంటిది. రెండు చోట్లా మాటలు దాదాపు ఒకటే. మంత్రగాళ్ళ మీద రాజు మండిపడే దగ్గర ఒక చిన్న మాట తేడా ఉంటుంది. అక్కడ దారి చీలుతుంది. ఆ చిన్న మాట తప్పితే హాఫిజ్ బోలెడంత గ్రంథం దాటేసి ఎక్కడో అవతల తేలతాడు. అప్పుడు వెనుక నిలబడ్డవాళ్ళలో తెలిసినవాడు సరైన మాట పైకి అనాలి. అలా అందించడాన్ని లుఖ్మా అంటారు. లుఖ్మా అంటే ముద్ద. నోటికి ముద్ద అందించినట్టే మాట అందించడం.

ఎనభైల మొదట్లో రంజాన్ నడివేసవిలోకి జరిగింది. ఒక మధ్యాహ్నం అప్పజెబుతూ అబ్బాజాన్ ఆ చీలిక దగ్గర తప్పారు. లుఖ్మా ఇచ్చాను. వెనక్కి వచ్చి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ అవతలికే పోయారు.

"ఎండ దెబ్బ, అంతే," అన్నారు.

"ఈ రాత్రికి ఇంకెవరినైనా నిలబెడదామా?"

"ఎవర్ని? నిన్నా?" అని నవ్వారు.

ఆ రాత్రి సరిగ్గా ఆయన వెనుక నిలబడ్డాను. చీలిక దగ్గరకు రాగానే తప్పారు. లుఖ్మా ఇచ్చాను. అందుకుని సర్దుకున్నారు, కాస్త వెనక నుంచి చదువుకుంటూ వచ్చి అక్కడే మళ్ళీ తప్పారు. మళ్ళీ ఇచ్చాను. నేను ఇస్తూనే ఉన్నాను, ఆయన పుచ్చుకుని పోగొట్టుకుంటూనే ఉన్నారు. అరబీ ముక్క తెలియనివాళ్ళకు కూడా సంగతి అర్థమైపోయింది. వెనుక ఎవరో దగ్గారు. నమాజులో చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషిని, ఒక్క అడుగు ముందుకు వేసి ఆయన భుజం పట్టుకోలేను. చివరికి ఆయనే చదవడం ఆపి రుకూలోకి వంగిపోయారు. మిగిలిన రాత్రులన్నీ చివరి చిన్న చిన్న అధ్యాయాలతో నెట్టుకొచ్చారు. మా మసీదులో ఆ ఏడు ఖతం జరగలేదు.

పండగ మర్నాడే మసీదు కమిటీ పెద్ద మా అరుగెక్కాడు. హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీ ఉన్న మనిషి. వాళ్ళ తాత మా తాతకి బండి తోలాడు. ఆ సంగతి నేనూ మరిచిపోలేదు, అతనూ మరిచిపోలేదు.

"బావా, నాను సెప్తే బాగోదు. వచ్చే రంజాన్‌కి బీహార్ నుంచి హాఫిజ్‌ని రప్పిత్తన్నాం. పెద్దాయనకి ముందు వరసలో కుర్సీ ఏయిత్తాను. మర్యాదకి లోటుండదు."

"మా మర్యాద గురించి నువ్వు చెప్పక్కర్లేదు."

"అదిగో, అప్పుడే కోపం! మర్యాద మీదే, ఎవులు కాదన్నారు? మాకు ఖతం కావాలి కదేటి?"

లోపల్నుంచి అబ్బాజాన్ గొంతు వినబడింది. "రప్పించుకోండి. నేను మాత్రం రాను. నా చాప మీద ఇంకొకరు నిలబడితే వెనుక నిలబడలేను."

మరుసటి రంజాన్‌కి ఆ బీహార్ హాఫిజ్ వచ్చాడు, యువకుడు. మెయిలు బండిలా చదివేవాడు. ఉక్క భరించలేక మసీదు కిటికీలన్నీ తెరిచేవారు. అబ్బాజాన్ ఇంట్లోనే నమాజు ముగించుకుని, తస్బీ పూసలు తిప్పుకుంటూ అరుగు మీద కూర్చునేవారు. మొదట్లో పెదాలు మాత్రం కదిలేవి. తరువాత ఒక రాత్రి, లోపల హాఫిజ్ ఊపిరి తీసుకోవడానికి ఆగగానే, అబ్బాజాన్ గట్టిగా లుఖ్మా ఇచ్చారు. అది వేరే అధ్యాయంలోది. నమాజు వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఏటి బావా, రెండు స్టేషన్లు ఒకేపాలి పలికే రేడియో కొన్నారేటి?" అన్నాడు కమిటీ పెద్ద, బయటికొచ్చి.

నమాజులో లేనివాడు ఇచ్చిన లుఖ్మాని ఇమాము పుచ్చుకుంటే అందరి నమాజూ చెడుతుంది. ఆ సంగతి అబ్బాజాన్‌కి గుర్తుచేశాను.

"నీకు నేర్పింది నేనే," అన్నారు.

"మరి ఎందుకు ఇస్తున్నారు?"

"నేనివ్వడం లేదురా. అదే వచ్చేస్తోంది."

ఆ చీలిక ఉన్న భాగం చదివే రాత్రి వచ్చింది. రాజు మండిపడే చోట ఆ యువకుడు నిజంగానే తడబడి ఆగిపోయాడు. అరుగు మీద నుంచి అబ్బాజాన్ మాట అందించారు. సరైన మాట! పోయిన ఏడాది నేనెన్నిసార్లు ఇచ్చినా నిలవని మాట. ఆ యువకుడు ఆలోచించకుండా అందుకుని ముందుకు పోయాడు. మసీదులో గగ్గోలు పుట్టింది. నమాజు చెడిందని ఆపించి మళ్ళీ మొదటి నుంచి చేశారు. పగలంతా పస్తుండి డాకులో మూటలు మోసి వచ్చినవాళ్ళు సందులో నిలబడి మా ఇంటివైపు చూసి అనాల్సినవన్నీ అన్నారు.

మర్నాడు ఆ యువకుడు మా ఇంటికొచ్చి తల వంచుకుని, "మీరు అందించిందే సరి, హజ్రత్," అన్నాడు ఉర్దూలో. మర్యాద తెలిసినవాడు. ఆ మాట అనకపోయినా బాగుండేది. ఆ సాయంత్రం అబ్బాజాన్ పెట్టెలోంచి షేర్వాణీ తీయించి తొడుక్కుని, అత్తరు రాసుకుని, అందరికంటే ముందే అరుగు మీద కూర్చున్నారు. తన చోటు తనకు వచ్చేసిందనుకున్నారు.

"నువ్వైనా చెప్పరా," అంది అమ్మీ. నేను ఆయన షేర్వాణీ గుండీ సరిచేసి వచ్చాను.

మసీదు కిటికీలు మూసి చూశారు. ఉక్కకి ఒక ముసలాయన సొమ్మసిల్లాడు. మేము వీధి తలుపు మూసి చూశాం. తలుపు వెనక నుంచి ఆయన గొంతు ఇంకా పెద్దదైంది. ఇక చేసేది లేక, రాత్రి నమాజుకి పిలిచే ఇషా అజాన్ కాగానే ఆయన చేయి పట్టుకుని సముద్రం వైపు నడిపించుకుపోయేవాణ్ణి. ఖాజీల ఇంటివాళ్ళం, అందరూ మసీదుకు వస్తుంటే ఎదురు నడిచేవాళ్ళం. సలాం చేసినవాళ్ళకు సలాం చెప్పి తల ఎత్తుకునే పోయేవాణ్ణి.

"నమాజు వేళ ఎక్కడికిరా?" అని రోజూ అడిగేవారు.

"గాలికి, అబ్బాజాన్."

"వాడు తప్పితే?"

"తప్పడు."

"తప్పుతాడు," అని ఆగిపోయి వెనక్కి తిరిగి చూసేవారు. గాలి ఇటు తిరిగితే మైకు వినబడేది. ఇంకాస్త దూరం నడిపించేవాణ్ణి.

ఆ నెల గడిచింది. రంజాన్ మళ్ళీ వస్తుంది. గాజువాక అవతల, దగ్గర్లో మసీదు లేని చోట రెండు గదులు అద్దెకు దొరికాయి. బక్రీద్ దాటాక పాతపట్నం ఇల్లు ఒక పోర్టు కాంట్రాక్టరుకి అమ్మేశాం. టేకు తలుపులూ దూలాలూ విడిగా అమ్మాం.