"మీరెలాగూ ఇంట్లోనే ఉంటారుగా!"

మొన్న ఆదివారం మా మేడ మీద వాటాలో కొత్తగా దిగిన కుర్ర దంపతులు కిందికొచ్చి కూర్చున్నారు. వాళ్ళకి నాలుగేళ్ళ పాప. "మీరు మీ పిల్లల్ని కొన్నాళ్ళు బడికి పంపకుండా ఇంట్లోనే చదివించారటగా అంకుల్, మేమూ అదే అనుకుంటున్నాం. ఎలా ఉంటుందండీ?" అని ఆ అమ్మాయి అడిగింది. నేను కాఫీ ఒక గుటక వేసి, "చాలా బాగుంటుందమ్మా" అన్నాను. వంటింట్లో ఏదో మూత కింద పడింది. మా ఆవిడ చేతిలోంచి వస్తువులు జారిపడవు. ఆవిడకి పడాలనిపిస్తేనే పడతాయి. వాళ్ళు సంతోషంగా మెట్లెక్కి వెళ్ళాక గుమ్మంలోకి వచ్చి, "అంత బాగుందా?" అని మాత్రం అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆ జవాబే ఇక్కడ రాస్తున్నాను. వాళ్ళకి చెప్పలేనిది మీకు చెప్పొచ్చు. మీరు మా మేడ మీద ఉండరు కదా.

ఇది పదేళ్ళ కిందటి మాట. ఇదే బందరు, ఇదే ఇల్లు. అప్పటికి మా పెద్దదానికి ఏడేళ్ళు, చిన్నాడికి నాలుగు. మా ఆవిడది గుడివాడలో బ్యాంకు ఉద్యోగం. పొద్దున్నే రైలెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరేది. నాది ఇంటిపట్టున కూర్చుని చేసుకునే పని. పదో తరగతి పిల్లలకి గైడ్లు రాసేవాణ్ణి. ప్రశ్న, కింద జవాబు. మళ్ళీ ప్రశ్న, మళ్ళీ జవాబు. ఎవరూ నన్ను అడగని ప్రశ్నలకి జవాబులు రాయడం నా వృత్తి. ఎదురుగా నిలబడి అడిగితే నీళ్ళు నమలడం నా ప్రవృత్తి. బడిని నమ్ముకుని బతికేవాడు సొంత పిల్లల్ని బడి మాన్పించడమేమిటని మీకు నవ్వొస్తే నవ్వండి, ఊళ్ళో చాలామంది అప్పుడే నవ్వేశారు.

కారణం మా పెద్దదే. అది పుట్టుకతోనే వాగుడుకాయ. గోడ మీది బల్లినీ, మూలనున్న చీపురునీ కూడా పలకరించేది. ఒకటో తరగతిలో చేరిన ఏడాది దాని నోరు మెల్లమెల్లగా మూతపడింది. "పాప చాలా బుద్ధిమంతురాలండీ, అసలు మాట్లాడదు" అని టీచరుగారు రెండు ముక్కలూ ఒక్క ఊపిరిలో మెచ్చుకున్నారు. వేసవి నాటికి ఇంట్లోనూ అంతే. అన్నం కావాలంటే తల నిలువుగా, వద్దంటే అడ్డంగా. డాక్టరు చెవులూ గొంతూ చూసి అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. అన్నీ బాగున్నప్పుడు ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. అప్పుడు నేను, "ఇంట్లోనే నేను చెప్పుకుంటాను, కొన్నాళ్ళు చూద్దాం" అన్నాను. మా ఆవిడ చాలాసేపు ఆలోచించి ఒప్పుకుంది. "వచ్చే జూన్ దాకా మీ ఇష్టం. అప్పటికీ దీని నోరు తెరుచుకోకపోతే నా ఇష్టం" అంది. అక్క ఇంట్లో ఉంటే తమ్ముడు బడికి కదలడు కాబట్టి వాడికీ అదే శాసనం వర్తించింది.

గైడ్లు రాసేవాడికి టైంటేబుల్ రాయడం ఎంతసేపు? గోడకి అంటించాను. తొమ్మిదింటికి తెలుగు, పదింటికి లెక్కలు. తొమ్మిదింటికి గ్యాస్ బండ వచ్చింది. పదింటికి కరెంటు రీడింగు వాడు వచ్చాడు. వెనకవాటా వాళ్ళు తాళం ఇచ్చి వెళ్ళారు, పక్కింటివాళ్ళు తమ పార్సిల్ తీసుకోమన్నారు. అందరిదీ ఒకటే మాట: "మీరెలాగూ ఇంట్లోనే ఉంటారుగా!" హోమ్‌వర్క్ అంటే ఇంటిపని అని నాకు ఆ ఏడాదే తెలిసింది. కొలతలు నేర్పుదామని బియ్యం డబ్బా ముందు పెడితే, చిన్నాడు కందిపప్పూ మినప్పప్పూ అందులో కలిపేసి, "నాన్నా, కూడికలు!" అన్నాడు. తీసివేతలు నా వంతు. మధ్యాహ్నం దాకా ఏరుతూ కూర్చున్నాను. అవనిగడ్డ నుంచి మా అత్తగారు చూడవచ్చి, మంగళవారం నాడు పిల్లలిద్దరూ ఇంట్లో ఉండటం చూసి కంగారుపడ్డారు. ఆవిడ నాతో సూటిగా మాట్లాడరు, ఏమన్నా పిల్లల మీదుగా అంటారు. "ఏరా మనవడా, మీకు వంట్లో బాగాలేదా, మీ నాన్నగారికి బాగాలేదా?" అన్నారు వాడి తల నిమురుతూ. సర్వేకి వచ్చిన అమ్మాయి అయితే చేతిలో ట్యాబు పట్టుకుని, ఇంట్లో చదువుకునే పిల్లలకి అందులో గడి లేదని బాధపడి, చివరికి 'బడి మానేసినవారు' అన్న గడిలో వేసుకుని వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ నాకు ధైర్యం కూడా చెప్పింది.

అయినా ఒక మంచిరోజు వచ్చింది. అద్దకం పని చూపిద్దామని ఇద్దర్నీ పెడన బస్సెక్కించాను. టిక్కెట్లు కొడుతున్న కండక్టరుని పెద్దది తలెత్తి చూసి, "ఈ బస్సు రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటుందండీ?" అంది. కొత్త మనిషితో అది మాట్లాడి ఏడాది దాటింది. ఆయన మిషను ఆపి, "డిపోలో తల్లీ. దానికి నిద్రెక్కడ, రాత్రంతా కడుగుతారు" అన్నాడు. "చలెయ్యదా మరి?" "వేస్తది. అందుకే పొద్దున్నే ఓ పట్టాన స్టార్టవ్వదు." ఆ రోజు పెడనలో చెక్క అచ్చులూ, రంగు తొట్లూ, ఆరేసిన బట్టలూ చూశామనే గుర్తు, నాకు మాత్రం ఆ కండక్టరు మొహమే కనిపిస్తూ ఉండిపోయింది. రాత్రి మా ఆవిడకి ఈ సంభాషణ మొత్తం రెండు గొంతుల్లోనూ చేసి చూపించాను. "ఇంకా జూన్ రాలేదు" అంది గానీ, ఆవిడ కళ్ళు మాత్రం అలా అనలేదు.

ఆ తర్వాతే వచ్చింది అసలు చిక్కు. ఎదురింటావిడ భర్తకి చిలకలపూడిలో కవరింగు నగల పని. ఆవిడ ఒక సాయంత్రం వాళ్ళబ్బాయి రెక్క పట్టుకుని వచ్చింది. "అన్నయ్యగారూ, మీరెలాగూ ఇంట్లోనే ఉండి పిల్లలకి చెప్పుకుంటున్నారుగా! మావాణ్ణి కూడా ఓ గంట కూర్చోబెట్టుకోండి. ఒకళ్ళకి చెప్పినా అదే నోరు, ముగ్గురికి చెప్పినా అదే నోరు." దీనికి నా గైడులో జవాబు లేదు. సరేనన్నాను. వారం తిరక్కుండా ఆవిడ తోటికోడలి కూతురు, ఆ పిల్ల స్నేహితురాళ్ళు, వీధి చివరి కిరాణా కొట్టాయన కవల పిల్లలు. గైడ్లు రాసే మాస్టారు ట్యూషన్ మొదలెట్టారట అని వీధంతా సంతోషించింది, నేను తప్ప. కిరాణా కొట్టాయన ఒక బెత్తం కూడా తెచ్చి చేతికిచ్చి, "మా వాళ్ళకి భయం ఉండాలండీ. మీ దగ్గరుంచండి, మళ్ళీ ఇవ్వక్కర్లేదు" అన్నాడు. దాన్ని ఫ్రిజ్ మీద పడేశాను. ఒక సాయంత్రం రైలు దిగి వచ్చిన మా ఆవిడ గేటు దగ్గర చెప్పుల గుట్ట చూసి ఆగిపోయింది. "బడి మాన్పించి గుడి కట్టారా?" అంది.

అయినా అప్పటిదాకా సాయంత్రం గంటే. పగలంతా నా పిల్లలు నావాళ్ళే అని సరిపెట్టుకున్నాను. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మధ్యాహ్నం బడి వదిలి, ఇంట్లో అన్నాలు తినగానే, ఎండలో తిరగకుండా ఉంటారని తల్లులు వాళ్ళని మా అరుగు మీదికి తోలేవారు. ఒంటిగంటకే గేటు మోగేది. ఆ తర్వాత వేసవి సెలవులు. సెలవులు ఎవరికయ్యా అంటే వాళ్ళకి. పొద్దున్న ఇడ్లీ తింటూ ఉండగానే పలకలూ పుస్తకాలూ దిగేవి. ఉప్పుగాలికి జిడ్డోడుతూ, ఫ్యాను కింద ఎవరు కూర్చోవాలో తీర్పులు చెబుతూ, తప్పించుకుందామనుకున్న బడిలోనే హెడ్మాస్టర్నయి కూర్చున్నాను. పెద్దది ఏదో అడగబోయేది. "ఉండమ్మా, వీళ్ళని పంపించేసి చెప్తాను" అనేవాణ్ణి. పంపించేసేసరికి వంట, వంట అయ్యేసరికి గైడు. అది అడగడం తగ్గించింది. వంటింటి గుమ్మంలో కూర్చుని మమ్మల్ని చూస్తూ ఉండేది. ఏం కావాలమ్మా అంటే తల అడ్డంగా ఊపేది. జూన్ దగ్గర పడుతోంది.

ఇక లాభం లేదని, ట్యూషన్ మానేస్తున్నానని చెప్పడానికి ఒకరోజు ఎదురింటికి వెళ్ళాను. దారిలో వాక్యం కూడా తయారుచేసుకున్నాను. వీధి వెడల్పు చిన్నది, వాక్యం పెద్దది. సగంలో ఉండగానే గుమ్మం వచ్చేసింది. "రండి అన్నయ్యగారూ! మీ మాటే అనుకుంటున్నాం, నూరేళ్ళు మీకు. మా మరిది పిల్లాడు సెలవులకి దిగాడు, ఇంట్లో ఒకటే గోల. రేపట్నించి వాణ్ణి కూడా పంపుతా. ఇదిగో, మామిడికాయ పప్పు, పిల్లలకి పెట్టండి." గిన్నె పట్టుకుని తిరిగి వచ్చాను. వద్దని చెప్పడానికి వెళ్ళి ఇంకొకణ్ణి చేర్చుకుని వచ్చిన నన్ను ఒకసారి చూసి మా ఆవిడ గిన్నె అందుకుంది. పప్పు మాత్రం బాగుందంది.

మే నెలాఖరున ఒక శనివారం మధ్యాహ్నం. మా ఆవిడకి సెలవు. అత్తగారు కూడా వచ్చి ఉన్నారు. హాలు నిండా పిల్లలు. నేను భిన్నాలు చెబుతున్నాను. పెద్దది వంటింటి గుమ్మం దగ్గర లేచి నిలబడి, అందరికీ వినిపించేలా, "నాన్నా, నన్ను స్కూల్లో వెయ్యి" అంది. సుద్దముక్క నా చేతిలోనే ఆగిపోయింది. ఎందుకమ్మా అన్నాను. "స్కూలుకెళ్ళే వాళ్ళకేగా నువ్వు చెప్పేది! నేనూ వెళ్ళొస్తే నాకూ చెప్తావుగా. వీళ్ళందరికన్నా నేనే ముందొచ్చాను. ఇంట్లోనే ఉంటే నా వంతు రావట్లేదు." అంత పొడుగ్గా, అంత గట్టిగా అది మాట్లాడగా విని ఎన్నాళ్ళయిందో. పిల్లలెవరూ నవ్వలేదు. ఎదురింటి వాడు మాత్రం పక్కకి జరిగి చోటిచ్చాడు. మా అత్తగారు చిన్నాణ్ణి ఒళ్ళోకి లాక్కుని, "ఏరా మనవడా, మీ అక్క నోరు తెరుచుకోవాలనేగా ఇదంతా! తెరుచుకుందిగా" అన్నారు. ఆ మాట ఎటు నుంచి విన్నా నాకే తగిలింది. గెలిచానో ఓడానో తెలియక మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ కూతుర్నే చూస్తోంది. "సరే, నీ ఇష్టం" అంది. నా ఇష్టమూ కాదు, ఆవిడ ఇష్టమూ కాదు.

జూన్‌లో ఇద్దర్నీ రెండు వీధుల అవతల చిన్న బడిలో వేశాం. ఆ బాధలోనే ధైర్యం కూడా వచ్చి, ఇక ట్యూషన్ లేదని వీధంతా కబురు చేశాను. సాయంత్రాలైనా పెద్దదానికే ఉంచుదామని నా ఆశ. ఎదురింటావిడ నన్ను అన్నయ్యగారూ అనడం మానేసి 'ఏవండీ'లోకి దించింది. మొదటిరోజు నాలుగింటికి పెద్దది సంచీతో వచ్చి, చెప్పులు గేటు దగ్గరే విప్పి, అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. అది వీధిలోకి చూసి, "మిగతావాళ్ళు రారా?" అంది. రారమ్మా, ఇక మనమిద్దరమే అన్నాను, వరం ఇచ్చేవాడిలా. అది గొల్లుమంది. వాళ్ళు లేకపోతే అది ట్యూషనెలా అవుతుందట? తను ఎవరి పక్కన కూర్చోవాలట? ఇంక చేసేదేముంది, మళ్ళీ వీధి దాటాను. "మీకు తీరికుండాలిగా ఏవండీ" అంటూ ఎదురింటావిడ రెండుసార్లు అడిగించుకుని గానీ పిల్లాణ్ణి పంపలేదు. కిరాణా కొట్టాయన బెత్తం భద్రంగా ఉందా అని అడిగాడు.

ఆ సాయంత్రం నుంచి అది రెండో వరసలో, కవలలిద్దరి మధ్య కూర్చునేది. తెలిసినా తెలియకపోయినా చెయ్యెత్తేది. పక్కవాళ్ళకి తప్పులు దిద్దేది, దిద్దొద్దంటే గొడవ పడేది. ఇంట్లో నాన్నా అనేది, ఆ గంటసేపు మాత్రం నన్ను సార్ అనేది. నాన్నా అంటే మిగతావాళ్ళకి అన్యాయం అవుతుందని దాని వాదం. నాకది మొదట్లో ముల్లులా గుచ్చుకునేది. తర్వాత అలవాటైంది. ఒక్క పిల్ల కోసం పెట్టిన బడిలో ఆ పిల్ల కూడా పదిమందిలో ఒకతై, పదిమందిలోనే మాట్లాడింది. నేను అనుకున్నది ఒక్కటీ అనుకున్నట్టు జరగలేదు, కావలసింది మాత్రం జరిగింది. అందుకు సంతోషించాలో, నేను లేకపోయినా జరిగేదే కదా అని ఉడుక్కోవాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఇప్పుడది ఇంటర్ చదువుతోంది. ఫోన్లో మాట్లాడటం మొదలుపెడితే ఆపదు, మా ఆవిడే సైగ చేసి ఆపిస్తుంది. ఎంతకీ గడవవేమని ఆ ఏడాది మధ్యాహ్నాలని తెగ విసుక్కున్నాను; నేను ఎవరికో భిన్నాలు చెబుతుండగా అవి గడిచిపోయాయి.