మా గైడ్ తిప్పి పంపిన రెండో అధ్యాయం

మా గైడ్ పోయారని మొన్న సోమవారం పొద్దున కాలేజీ గ్రూపులో మెసేజ్ వచ్చింది. గంట తిరిగేసరికి అందరూ ఆయన్ని శాంతమూర్తిని చేశారు, శిష్యుల్ని కన్నబిడ్డల్లా చూసుకున్నారని రాశారు. నాకు ఒళ్లు మండింది. ఆయన శాంతమూర్తి కాదు. నన్ను కన్నబిడ్డలా చూసిందీ లేదు. మొయినాబాద్‌లో ఎం.టెక్ చదివిన రెండేళ్లూ ఆయన్ని చూస్తే నాకు మంట, నన్ను చూస్తే ఆయనకు చిరాకు. అయినా నాకు చదవడం నేర్పింది ఆయనే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

డిగ్రీ చేతికి రాకముందే సాఫ్ట్‌వేర్ కంపెనీలు పిలిచి ఉద్యోగాలిస్తున్న రోజులవి. మాది చేవెళ్ల, వ్యవసాయ కుటుంబం. ఆయన కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. చెరువు పూడిక తీస్తే చుట్టుపక్కల బోర్లలో నీళ్లు పెరుగుతాయా అన్నది నా ప్రాజెక్టు. మాదాపూర్‌లో ఒక కంపెనీ నన్ను తీసుకుంది. ఎండాకాలం లోపు థీసిస్ ఇచ్చేస్తే చేరిపోవచ్చు. మనకంటే ముందు ఎవరేం పరిశోధించారో చెప్పే లిటరేచర్ రివ్యూ అందులో రెండో అధ్యాయం. దాన్ని నాలుగు రోజుల్లో ముగించాను. వ్యాసాల జాబితా మొత్తం ఒక సీనియర్ థీసిస్ నుంచి దించాను.

ఏది ఇచ్చినా ఆయన ముందు చివరి పేజీ తెరిచేవారు. జాబితా మీద స్కేలు పెట్టి ఒక్కో పేరూ దాటుకుంటూ వచ్చేవారు. ఆ రోజు క్లాసందరి ముందు స్కేలు ఒక పేరు కింద ఆగింది.

"ఇది చదివావా?"

"చదివిన సార్."

"ఏముంది అందులో?"

వ్యాసం పేరునే అటూ ఇటూ తిప్పి చెప్పాను.

"అచ్చయిన సంవత్సరం తప్పు. మీ సీనియర్ రాసిన తప్పే నువ్వూ రాశావు. మీ వైపు వాళ్లకి ఎత్తిరాయడం తప్ప ఇంకేం రాదా?"

తప్పు నాదే. కానీ ‘మీ వైపు’ అన్న మాట ఇవాళ్టికీ గుచ్చుకుంటుంది. ఇంటికొచ్చి ఏడిస్తే బాపు అన్నాడు, "తప్పు నువ్వు చేసినవు బిడ్డా. మరి మనందర్ని ఎందుకన్నడు? పో, సదివి సూపియ్యి."

ఉద్యోగం గడువు దాటిపోయింది. ఆయన కనికరించలేదు. నేను కోపంతోనే చదివాను. మెహదీపట్నం బస్సెక్కి సిటీ లైబ్రరీలన్నీ తిరిగాను. రాసి ఇచ్చిన ప్రతిసారీ కాగితాలు ఎర్రసిరాతో తిరిగొచ్చేవి. "ఎవరేమన్నారో సరే, ఎవరు ఎవరితో ఎందుకు ఒప్పుకోలేదు?" అని ఒకసారి. "నువ్వు చూడని సాక్షిని బోనెక్కించకు" అని ఇంకోసారి. మెప్పు మాత్రం ఒక్క అక్షరం లేదు.

పూడిక తీస్తే నల్లరేగడిలోనూ నీళ్లు పెరుగుతాయని అందరూ ఒక పాత వ్యాసాన్ని చూపించేవారు. వెతికి వెతికి అసలు వ్యాసం పట్టుకున్నాను. పెరగలేదని ఉంది అందులో! ఎవరూ దాన్ని తెరిచి చూడలేదు, ఒకరిని చూసి ఒకరు దించుకున్నారు. వాళ్లలో మా గైడ్ కూడా ఉన్నారు. పగ తీరినంత సంబరపడి, ఆయన పేరు పెట్టి మరీ ఆ పేరా రాశాను.

ఆయన చదివారు. చెవులు ఎర్రబడ్డాయి. బీరువాలోంచి తన వ్యాసం తీసి, నేను తెచ్చిన అసలు వ్యాసం జిరాక్స్ పక్కన పెట్టి, వరసవరసా సరిచూశారు. "చదివావు" అని మాత్రం అని సంతకం పెట్టారు.

వైవా రోజున, పరీక్షించడానికి బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ ముందు లేచి నిలబడి ఆ పేరా తానే పైకి చదివారు. "ఇందులో మూడో పేరు నాది. అసలు వ్యాసం నేను చూడలేదు" అని కూర్చున్నారు.

తర్వాత వరండాలో ఆయన్ని ఆపాను. "సార్, ఆ రోజు ‘మీ వైపు వాళ్లు’ అన్నరు. గా మాట కూడ తప్పే గద?"

ఆయన మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆ ఒక్కటి ఎప్పటికీ ఒప్పుకోలేదు. నేనూ వదిలిపెట్టలేదు.

కొన్నేళ్లకు మెహదీపట్నంలో నిండుతున్న చేవెళ్ల బస్సెక్కాను. కిటికీ దగ్గర ఆయన. నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. తిప్పుకుని, పక్క సీటు మీది సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు. కూర్చున్నాను. మొయినాబాద్ వచ్చింది. ఆయన దిగి రోడ్డు దాటబోయారు. ఫాంహౌసులకు పోయే కార్ల వరస తెగడం లేదు. బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూశాను. సంచి గుండెలకు హత్తుకుని, ఆ దుమ్ములో ఇంకా ఇవతలి పక్కనే నిలబడి ఉన్నారు.