నూకాలమ్మ దేవత కాదు

ముప్పై ఏళ్లకు పైగా ఒక్క మాట మోస్తున్నాను. చిన్న మాటే. 'హాఁ'. అవును అని. ఇంత చిన్న మాట ఇంత బరువెలా అయిందో మీకైనా చెప్పాలి. మీరెవరో నాకు తెలియదు. అదే నయం.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మాది పోర్ట్‌బ్లెయిర్ అంచున డాలీగంజ్. పుట్టింది ఈ దీవుల్లోనే. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. తెలుగు అక్షరాలైతే అప్పటికి కూడబలుక్కుని చదివేదాన్ని. మా జాలరి కుటుంబాల పాటల మీద పుస్తకం రాస్తానని పై దేశం నుంచి ఒక ప్రొఫెసరమ్మ వచ్చింది. దీదీ అని పిలిచేదాన్ని. ఆమెకు హిందీ వచ్చు, తెలుగు రాదు. అందుకని నేను దుబాసీని. పుస్తకంలో నా పేరు వేస్తానంది. అచ్చులో నా పేరు! ఆ ఆశ నాచేత ఎంత పని చేయించిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పైడమ్మ అబర్డీన్ బజార్లో చేపలమ్మేది. భీమిలి అవతల ఏదో ఊరు ఆమెది. పెళ్లయిన కొత్తలో మొగుడి వెంట జహాజెక్కి వచ్చింది, మళ్లీ ఆ ఒడ్డు చూడలేదు. చేపల ధర చెప్పేంత హిందీ తప్ప ఆమెకు రాదు. ఆమెకు బోలెడు పాటలొచ్చని దీదీకి గొప్పలు చెప్పింది నేనే. తీరా టేప్ రికార్డర్ ముందు కూర్చోబెడితే రెండు రోజులైనా ఒక్క పాట రాలేదు. మర్నాడే దీదీ విశాఖపట్నం ఓడెక్కుతోంది.

ఆ సంగతి విన్నాకే పైడమ్మ నోరు విప్పింది. మా వైపు ఆడవాళ్లకు దుఃఖమొస్తే మాటకు రాగం తగులుకుంటుంది. కళ్లు మూసుకుని, ఊగుతూ అంది.

"నూకాలమ్మా... నాను బతికే ఉన్నానే తల్లీ. అమ్మ పోయినప్పుడు రానేకపోనాను. నా మీద కోపం ఉంచుకోకే. సముద్రం కాడ, వొంగిన తాడిసెట్టు ఎనకాల నీ గుమ్మం... నా కళ్లల్లోనే ఉందే..."

కళ్లు తెరిచి నా చెయ్యి పట్టుకుంది. "మా సెల్లికి ఇలగే సెప్పమను బేటీ. ఈయమ్మ యిశాపట్నం ఎల్తంది గదా. రెండుమార్లు ఉత్తరం రాయించాను, జవాబు నేదు. మనిసి ఎల్లి సెబితే నమ్ముతాది."

దీదీ కళ్లు మెరుస్తున్నాయి. "యే గానా హై న? నూకాలమ్మా... కోయీ దేవీ హై?"

"హాఁ దీదీ," అన్నాను. "సముందర్ కీ దేవీ. బహుత్ పురానా గానా." సముద్రపు దేవత, చాలా పాత పాట అని.

మా వైపు నూకాలమ్మ నిజంగానే అమ్మవారి పేరు. ఆ పేరు పెట్టుకున్న ఆడపిల్లలు వీధికొకరుంటారు. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు కదా, నాది మరీ అతికింది.

పైడమ్మ వైపు తిరిగి, "చెబుతుందట" అన్నాను. అది రెండో అబద్ధం. ఆ రాత్రి టేపు పెట్టుకుని ఆ మాటలన్నీ దేవత పాటలాగే దీదీకి హిందీలో చెప్పాను.

నాకు అర్థం కాలేదా? అయింది. ప్రతి మాటా అయింది. మర్నాడు జెట్టీకి కూడా వెళ్లాను, చెప్పేద్దామనే వెళ్లాను, కానీ దీదీ నన్ను కావలించుకుని ఆ పాట లేకపోతే తన పుస్తకమే లేదంది, ఆమె సంచి ఓడ మెట్ల దాకా మోసి వచ్చేశాను. ఓడ వెళ్లిపోయింది. ఆ తర్వాత దీదీకి ఉత్తరం రాయొచ్చుగా? రాయొచ్చు. ఎన్నిసార్లు మొదలుపెట్టానో!

కొన్నేళ్లకు పార్సెల్ వచ్చింది. పుస్తకం. దానికి పెద్ద బహుమతి వచ్చిందట. మనుషుల చరిత్ర మీద, బతుకుల మీద రాసే పండితులకు దేశదేశాల్లోంచి ఏరి ఇచ్చేది. న్యాయనిర్ణేతల మాటలు ఒక కాగితంలో ఉన్నాయి. వలస వచ్చినవాళ్లు ఆవలి ఒడ్డున వదిలేసిన దేవత కోసం, వంగిన తాటిచెట్టు వెనకున్న ఆమె గుమ్మం కోసం పడే తపనను ఈ పుస్తకం లోకానికి వినిపించిందట. మొదటి పేజీల్లో నా పేరుంది. పైడమ్మ పేరు ఎక్కడా లేదు. పాట కింద 'సంప్రదాయ గీతం' అని ఉంది.

పోస్టాఫీసు నుంచి బజార్ మీదుగా వస్తుంటే పైడమ్మ చూసింది. పై దేశపు స్టాంపులు చూసి తట్ట దించింది. "మా సెల్లి పంపిందేటి?"

పేజీ తీసి చూపించాను. "ఇదిగో, నీ చెల్లి పేరు." అది అబద్ధం కాదు. చెయ్యి చీరకు తుడుచుకుని, ఆ అక్షరాలు తడిమి కళ్లకద్దుకుంది.

"అయితే కోపం పోనాదన్నమాట" అంది.

పై వానాకాలంలో పైడమ్మ పోయింది. ఆ చెయ్యి నా చేతిని పట్టుకున్న పట్టు కోసం ఇప్పటికీ బెంగ పెట్టుకుంటాను. మళ్లీ ఒక్కసారి పట్టుకుని అడిగితే బాగుండును. తెలుగు రాయడం ఆమె పోయాకే పట్టుబట్టి నేర్చుకున్నాను. ఒకసారి పెళ్లికని విశాఖ వెళ్లి, భీమిలి బస్సు ముందు నిలబడ్డాను. ఎక్కలేదు. నూకాలమ్మ ఎదురైతే ఏమని చెప్పను?

మొన్న ఒక పరిశోధక విద్యార్థిని మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది, ఆ దేవత గుడి ఎక్కడుందని. తెలియదన్నాను. ఆ పిల్ల వెళ్లాక ఇది రాయడానికి కూర్చున్నాను.

అది పాట కాదు. నూకాలమ్మ దేవత కాదు, పైడమ్మ చెల్లెలు. భీమిలి అవతల, సముద్రం దగ్గర, వంగిన తాటిచెట్టు వెనక ఆమె ఇల్లు. అక్క బతికే ఉందని, కోపం ఉంచుకోవద్దని చెప్పమంది.

ఇప్పటికి చెప్పాను.