కన్ను నాది

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లి టీ పెట్టుకునే మనిషిని నేను. మా వేములపల్లిలో చిన్నప్పుడు కాలవ కట్ట మీద తెల్లచీర తిరుగుతోందని గోల చేస్తే, వెళ్లి చూసి, కంపకు తగులుకున్న యూరియా సంచి అని తేల్చి వచ్చాను. పదిహేనేళ్ల పోలీసు ఉద్యోగంలో ఎన్నో శవాల పక్కన కూర్చుని కాగితాలు రాశాను. ఒక్కటీ లేచి నన్ను పలకరించలేదు.

కాబట్టి మిమ్మల్ని నమ్మించడానికి ఇది రాయడం లేదు. నాకే అర్థం కాలేదు. ఎవరికైనా అర్థమైతే చెబుతారేమోనని రాస్తున్నాను.

సూర్యాపేటలో మాది యూనిఫాం లేకుండా తిరిగే చిన్న టీమ్. ఒక మనిషిని, ఆ మనిషికి తెలియకుండా, వెంట ఉండి చూడడం మా పని. సంతలో వంకాయలు బేరం చేస్తూ, బస్సులో కునుకు తీస్తున్నట్టు నటిస్తూ చూడాలి. బట్టల్లో చిన్న వైర్‌లెస్ సెట్టు, చెవిలో శనగగింజంత ఇయర్‌ఫోను, జేబులో బటను. ఫోన్లుండగా ఇవెందుకని అందరూ అడుగుతారు. ఫోనులో ఒకరికే చెప్పగలం, సెట్టులో ఒకరు చెబితే దగ్గర్లో ఉన్న అందరికీ ఒకేసారి వినబడుతుంది.

సెట్టులో అసలు పేర్లు పలకకూడదు. పక్కవాళ్ల చెవిన పడినా ఇంటి మాటల్లా ఉండాలని మేం పెళ్లి పేర్లు పెట్టుకున్నాం. వెంబడించే మనిషి ఆడదైతే పెళ్లికూతురు, మగవాడైతే పెళ్లికొడుకు. వాళ్లు దూరిన ఇల్లు విడిది. పట్టుకుంటే లగ్గం అయినట్టు. మా సీఐ సార్ పెదనాన్న. బైకు మీద తిరిగే కానిస్టేబుల్ మరిది. బస్సులెక్కే మహిళా కానిస్టేబుల్ వదిన. నేను పిన్నిని. నాకంటే పదేళ్లు పెద్దవాడైన హెడ్ కానిస్టేబుల్ బాబాయి. పిన్నీ బాబాయీ అని మమ్మల్ని ఆటపట్టించని రోజు లేదు. ఆయన నవ్వి ఊరుకునేవాడు, నేను కసురుకునేదాన్ని.

'కన్ను' ఒక్కటే పెళ్లి మాట కాదు. అది బాబాయి తెచ్చాడు. ఆయన గొర్లు కాసే ఇంట్లో పుట్టాడు. వాళ్లింట్లో ఒకరి దగ్గర్నుంచి ఒకరు మందను తీసుకునేటప్పుడు "మంద నాది" అని పైకి అనాలట. అనేదాకా మొదటివాడు కదలకూడదట. మాకూ అదే పద్ధతి పెట్టాడు. మనిషిని చూస్తున్నవాడి దగ్గర కన్ను ఉన్నట్టు. ఇంకొకరు "కన్ను నాది" అని సెట్టులో చెప్పేదాకా ఎండైనా వానైనా అక్కడి నుంచి కదలకూడదు.

మాట్లాడే వీలు లేనప్పుడు ఊరికే బటను నొక్కుతాం. మిగతావాళ్ల చెవిలో టిక్‌మంటుంది. ఒక టిక్కు కాదు. రెండు టిక్కులు అవును. మూడైతే, నన్ను విడిపించండి, కన్ను తీసుకోండి అని. బాబాయి బొటనవేలు చిన్నప్పుడు గడ్డి మిషన్‌లో నలిగి సరిగ్గా వంగదు. అందుకని ఆయన టిక్కులు మా ఎవరిలాగా ఉండేవి కావు. మొదటిది కాస్త సాగేది, తర్వాతవి పుటుక్కున తెగిపోయేవి.

రెండేళ్ల కింద ఎండాకాలంలో, కోదాడ బస్టాండు ఎదురుగా, డ్యూటీలోనే ఆయన గుండె ఆగి చనిపోయాడు. ఆ రోజు ఆయనకు దగ్గర్లో ఉన్నది నేనే. ఆ సంగతి చివర చెబుతాను, ఇప్పుడే చెప్పే ధైర్యం లేదు. ఆయన చోట్లోకి ఎవరినీ వేయలేదు. ఆయన సెట్టు బ్యాటరీ తీసి సూర్యాపేట ఆఫీసు బీరువాలో పెట్టాం. బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది.

ఇక జరిగింది చెబుతాను.

కిందటేడు సూర్యాపేట బస్టాండులో మూడు నెలల పాప పోయింది. తల్లి మార్కెట్ యార్డులో గింజలూడ్చే కూలీ. పక్కన కూర్చున్న ఆడమనిషి "జర నేను పట్టుకుంట, నువ్వు పోయి నీళ్లు తాగి రా" అంటే నమ్మి చేతికిచ్చింది. రెండు రోజులు ఆ తల్లి మా ఆఫీసు మెట్ల మీద నుంచి లేవలేదు. పాలు చేపి జాకెట్ తడుస్తుంటే కొంగు కప్పుకుని కూర్చుంది. ఆమె ముందు నుంచి టిఫిన్ డబ్బా పట్టుకుని నడవాలంటే నాకు సిగ్గేసేది.

మూడో రోజు పొద్దున్నే ఆ ఆడమనిషి మిర్యాలగూడలో రైసు మిల్లుల వెనక గల్లీలో, ఒక కిరాయి గదిలో ఉందని తెలిసింది. మరిది కరెంటు మీటరు చూసే వంకతో వెళ్లి గదంతా చూసి వచ్చాడు. పాప లేదు. ఆమెను పట్టుకుంటే నోరు విప్పకపోవచ్చు, ఈలోపు పాపను దాచినవాళ్లు చేతులు మార్చేస్తారు. అందుకని వెంబడించడమే అని సార్ తేల్చాడు. పెళ్లికూతురు తప్పిపోతే పాప పోయినట్టే.

పదింటికి ఆమె చేతిలో ఒక సంచీతో కోదాడ బస్సెక్కింది. వెనక సీట్లో వదిన. బస్సు వెనక కారులో సార్, పక్కన లాగ్ బుక్కుతో నేను. ఏ టైముకు కన్ను ఎవరి దగ్గరుందో రాయడం నా పని. మా వెనక బైకు మీద మరిది. హుజూర్‌నగర్ దాటేదాకా బస్సులో చప్పుడు లేదు. పెళ్లికూతురు నిద్రపోతోందని వదిన చెప్పింది.

కోదాడ బస్టాండులోకి మేం వెళ్లేసరికి పదకొండు యాభై. రెండు నిమిషాలకు వదిన గొంతు వినబడింది.

"పెదనాన్నా, కన్ను పోయింది. దిగంగనే రెండు బస్సులు అడ్డమొచ్చినయ్. పెళ్లికూతురు యాడా కనబడ్తలేదు." ఆమె ఏడుస్తోంది.

"కన్ను ఎవరి దగ్గరున్నది? ఎవరన్న చెప్పుండ్రి," అన్నాడు సార్. ఎవరూ చెప్పలేదు. "మరిదీ, నీ దగ్గరున్నదా?"

రెండు టిక్కులు.

సార్ ఊపిరి వదిలాడు. మరిది ఆమెకు బాగా దగ్గర్లో ఉన్నాడు, అందుకే మాట్లాడలేకపోతున్నాడు అనుకున్నాం. అది మాకు మామూలే. సార్ ఒక్కొక్కటీ అడుగుతూ పోయాడు. బస్టాండులోనే ఉందా? ఒక టిక్కు. రోడ్డు మీదికి వచ్చిందా? రెండు. నడుస్తోందా? ఒకటి. ఆటోనా? రెండు. ఖమ్మం వైపా? ఒకటి. సూర్యాపేట వైపా? రెండు. మేం అటు మళ్లాం. మలుపు వచ్చినచోటల్లా అడిగాడు, జవాబు వచ్చింది. చివరికి ఒక వీధిలో కిరాణా కొట్టు ముందు ఖాళీ ఆటో వెనక్కి తిరుగుతోంది. విడిది ఇదేనా అంటే రెండు. కిందనా అంటే ఒకటి. పైనా అంటే రెండు. అన్నీ కలిపి పదకొండు ప్రశ్నలు. లాగ్ బుక్కులో ఉన్నాయి కాబట్టి ఇంత ఖాయంగా చెబుతున్నాను.

మెట్లెక్కి తలుపు తోశాం. లోపల పెళ్లికూతురు, చేతిలో పాల సీసా. ఇంకొకామె మమ్మల్ని చూడగానే "ఎవరండీ మీరు? ఆ పాప మాది కాదండీ, రెండ్రోజులు ఉంచుకోమంటే ఉంచుకున్నామండీ!" అంది. పాప సంగతి మేమింకా అడగనేలేదు. వంటగదిలో చీర ఉయ్యాల ఉంది. పాప ఒళ్లు కాలిపోతోంది, కానీ నేను ఎత్తుకోగానే నా గొలుసు పట్టుకుని లాగింది. నాకు ఏడుపు ఆగలేదు.

"లగ్గమయింది," అన్నాడు సార్ సెట్టులో. వదిన ఆటోలో పరుగెత్తుకొచ్చింది.

మరిది మాత్రం ఇరవై నిమిషాలకు గానీ రాలేదు. చేతులు మోచేతులదాకా గ్రీజు. "మాఫ్ చేయుండ్రి సార్. హుజూర్‌నగర్ దాటంగనే టైర్ పంచరైంది. మెకానిక్ దగ్గరనే కూసున్న. సెట్టు అందలేదు, ఫోన్ చేస్తే మీది కలుస్తలేదు," అన్నాడు.

సార్ వదిన వైపు చూశాడు. టిక్కులు వచ్చినంతసేపూ తను బస్టాండు ముందు ఆటో కోసం తిరుగుతున్నానని, బటను ముట్టనే లేదని ఒట్టేసింది. నా చేతుల్లో పెన్నూ పుస్తకమూ ఉన్నాయి, సార్ పక్కనే చూస్తూ ఉన్నాడు. మా సెట్లు నాలుగైదు కిలోమీటర్లకు మించి అందవు. మిల్లుల్లో హమాలీ మేస్త్రీలు వాడే సెట్లు కలిశాయా అంటే, అవి మిర్యాలగూడలో ఉన్నాయి, ఛానెలు వేరు. ఎవడో విని తమాషా చేశాడా అంటే, ఆమె ఏ ఇంట్లో ఏ అంతస్తులోకి పోయిందో వాడికెలా తెలుస్తుంది? జేబులో ఏదో తగిలి బటను దానంతటదే నొక్కుకుంటే పదకొండు జవాబులూ సరిగ్గా రావు.

అప్పుడు నేను లాగ్ బుక్కు తెరిచాను. పదకొండు యాభై రెండు నుంచి, కన్ను ఎవరిది అన్న గడిలో, నా చేతిరాతతోనే 'బాబాయి' అని ఉంది. రాసినట్టు నాకు గుర్తు లేదు. కానీ ఆ టిక్కులు గుర్తున్నాయి. మొదటిది సాగింది, రెండోది పుటుక్కున తెగింది. నా చెవి గుర్తుపట్టింది, చెయ్యి రాసింది, బుర్రకు మాత్రం చెప్పలేదు.

పాపను కోదాడలోనే దవాఖానకు తీసుకెళ్లాం. సాయంత్రం నాలుగింటికి తల్లి వచ్చింది. వరండాలో నేల మీదే కూలబడి పాపకు పాలిచ్చింది. మేం అటు తిరిగి నిలబడ్డాం. అప్పుడు చెవిలో టిక్కులు వచ్చాయి. ఈసారి మూడు. మొదటిది సాగి, తర్వాతవి తెగి.

"ఎవర్రా నొక్కుతున్నది?" అన్నాడు సార్. అందరి చేతులూ బయటే ఉన్నాయి. కాసేపాగి మళ్లీ మూడు.

చివర చెబుతానన్నది ఇదే. బాబాయి చనిపోయిన రోజు పొద్దున ఆయన సార్‌తో "పిన్ని కునుకు తీస్తున్నది సార్" అని నవ్వుతూ చెప్పాడు. తీసిన మాట నిజమే. అయినా నాకు ఒళ్లు మండింది. మధ్యాహ్నం ఆయన ఎండలో పండ్ల బండి పక్కన నిలబడి ఎదుటి లాడ్జి గుమ్మం చూస్తున్నాడు. నేను బస్టాండులో ఫ్యాను కింద కూర్చున్నాను. మిగతావాళ్లు సెట్టు అందనంత దూరంలో ఉన్నారు. మూడు టిక్కులు వచ్చాయి. విన్నాను. ఇంకాసేపు నిలబడితే అరిగిపోతాడా అనుకున్నాను. మళ్లీ మూడు వచ్చాయి. అప్పుడూ వెంటనే లేవలేదు. నేను రోడ్డు దాటేసరికి ఆయన బండి కర్ర పట్టుకుని వేలాడుతున్నాడు. కళ్లు మాత్రం లాడ్జి గుమ్మం మీదే ఉన్నాయి. నా మీదికే ఒరిగిపోయాడు. "కన్ను నాది" అని నేను అననేలేదు.

ఆ టిక్కులు విన్నట్టు ఎవరికీ చెప్పలేదు. సంతాప సభలో ఆయన గురించి మాట్లాడమంటే మైకు పట్టుకుని మాట్లాడాను కూడా.

ఆ వరండాలో ఈసారి జేబులో బటను నొక్కాను. "కన్ను నాది బాబాయ్. తప్పు నాదే. ఇగ నువ్వు ఇంటికి పో," అన్నాను.

రెండు టిక్కులు వచ్చాయి. ఆ తర్వాత ఇప్పటిదాకా ఏమీ లేదు.

"ఎవరితోని మాట్లాడుతున్నవమ్మా?" అన్నాడు సార్ నెమ్మదిగా. ఆయనకు అంతా చెప్పేశాను. తిట్టలేదు. తిడితే బాగుండేది.

సూర్యాపేట చేరాక బీరువా తెరిచి చూశాం. బాబాయి సెట్టు పెట్టినచోటే ఉంది. పైన దుమ్ము, వెనక బ్యాటరీ లేని ఖాళీ. లాగ్ బుక్కు పై ఆఫీసరు దగ్గరికి పోవాలి, ఆ పేరు దిద్దమన్నాడు సార్. కొట్టేసి ఏం రాయమంటారు సార్ అని అడిగాను. ఆ పేజీ మళ్లీ చదివి పుస్తకం నా చేతికే ఇచ్చేశాడు. అది అలాగే ఉంది.

ఇప్పటికీ ఎవరైనా దయ్యాలున్నాయా అంటే లేవనే చెబుతాను. బాబాయి పోయాడు, నా ఒళ్లోనే పోయాడు, ఆయన లేడు. కానీ లేడంటే, ఆ రోజు నేను ఇంటికి పొమ్మంటే సరేనన్నది ఎవరు?