విజయ రైఫిల్‌కు పట్టిన ఎర్ర జిగురు

విజయకు బాగా కోపం వస్తే ముందు మాట ఆగిపోతుంది. ఆ సోమవారం హామిల్టన్ నగరానికి పడమటి కొండల్లో, ఒక గొర్రెల రైతు పొలం గేటు దగ్గర నిలబడినప్పుడు ఆమెకు నోట మాట రాలేదు.

అనంతపురం నుంచి వ్యవసాయం చదవడానికి ఈ దేశం వచ్చిన మనిషి ఆమె. చదువయ్యాక రైతులకు పనులు చేసిపెట్టే ఒక కంపెనీలో చేరింది. పచ్చికను తినేసే కుందేళ్లనూ, చెట్ల చిగుళ్లు మేసేసే, పిల్లంత ఉండే పాసమ్ అనే జంతువులనూ కాల్చి వాటి సంఖ్య పెరగకుండా చూడటం ఆమె ఉద్యోగం. మొదట్లో, వాళ్లుండే రోటోటూనా పేటలోని తెలుగు ఆంటీలు బుగ్గలు నొక్కుకున్నారు. ఆమె లెక్కచేయలేదు. తన జీతంతో కొనుక్కున్న రైఫిల్‌ను ఇంకొకరికి ఇచ్చి తుడిపించుకున్నది కూడా లేదు.

గుళ్లు వేయకముందే, తుపాకీ అనుకోకుండా పేలకుండా ఆపే సేఫ్టీ బటన్‌ను జరిపి చూడటం ఆమె అలవాటు. ఆ రోజు అది సగం జరిగి ఇరుక్కుపోయింది. రైఫిల్‌ను తిప్పి చూస్తే, ట్రిగ్గర్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ గార్డు స్క్రూ దగ్గర నిలువునా పగిలి ఉంది. పగులు చుట్టూ ఎర్రటి జిగట. చేయి తగలగానే ముక్క ఊడి గడ్డిలో పడింది.

గుళ్లు వేశాక, పక్కనే తోటివాళ్లు నడుస్తుండగా ఇరుక్కుని ఉంటే? ఆమె ఆ ముక్కను ఏరి జేబులో వేసుకుంది. ఆ తర్వాత ఒళ్లంతా మండింది.

ఇది ఎవరి పనో ఆమెకు తెలుసు. రైఫిల్ మీద గురి చూసే స్కోప్ స్క్రూలు వదులవుతున్నాయని శనివారం ఇంట్లో అన్నది. భర్త కృష్ణచైతన్యకూ తుపాకీ లైసెన్స్ ఉంది. ఆమె కూరగాయలకు వెళ్లిన సమయంలో పని చక్కబెట్టాడన్నమాట.

సూపర్‌వైజర్ ఆమెను ఆ రోజుకు ఇంటికి పంపేశాడు. కారు నడుపుతున్నంతసేపూ పళ్లు నూరుకుంటూనే ఉంది. ఆమె ఫోన్‌లో సెట్టింగులు మార్చేది కృష్ణచైతన్యే. ఆమె రెజ్యూమె తిరగరాసిందీ అతనే. ప్రతిసారీ అడక్కుండానే, ప్రతిసారీ నవ్వుతూనే.

ఇంట్లో అతను ల్యాప్‌టాప్ ముందు ఉన్నాడు.

"నా రైఫిల్ ఎందుకు ముట్టుకున్నావు?" అంది.

"స్క్రూలన్నీ, కింద గార్డువి కూడా, టైట్ చేశాను. మళ్లీ ఊడకుండా పట్టి ఉంచే థ్రెడ్ లాకర్ జిగురు కూడా వేశా. ఏమైంది?"

"ఏ రంగుది?"

"కారు టూల్‌బాక్స్‌లో ఉన్న ఎర్రది. గట్టిగా పడుతుంది కదా!"

విజయ పగిలిన ముక్కను బల్లమీద పడేసింది. "అది ఇనుము మీద ఇనుముకు, ఎప్పటికీ విప్పకూడని చోట వేసేది. ప్లాస్టిక్‌కు తగిలితే ప్లాస్టిక్‌నే తినేస్తుంది. సీసా మీద రాసినది చదివినావా? ఎన్ని చుక్కలు పోసినావు?"

"సరిపడా..."

"సరిపడా కాదు, కారిపోయేంత! కారి లోపలికి పోయి సేఫ్టీని పట్టేసింది. గుండు ఉన్నప్పుడు పట్టేసి ఉంటే ఎవురి పానం పోయేది?"

కోపంలో ఆమెకు సీమ భాష తన్నుకొస్తుంది. గుంటూరు మనిషి కృష్ణచైతన్య తగ్గిన గొంతుతో, "చిన్న ప్లాస్టిక్ ముక్కే కదా విజ్జీ, కొత్తది ఆర్డర్ చేద్దాం," అన్నాడు.

"నా పనిముట్టు అది! నీ కీబోర్డును నేనెప్పుడైనా విప్పినానా?" అని అరిచింది. పక్కింటి కుక్క మొరిగింది. అతను ల్యాప్‌టాప్ మూసేశాడు.

మర్నాడు తుపాకుల మరమ్మతు దుకాణానికి ఆమె ఒక్కతే వెళ్లింది. అక్కడి ముసలాయన మొదట రైఫిల్‌లో గుళ్లు లేవని చూసి, లోహపు భాగాన్ని ప్లాస్టిక్ పిడి నుంచి వేరుచేశాడు. సన్నని వేడి మొనతో జిగురు మెత్తబడేలా స్క్రూలను కాస్త వేడిచేసి విప్పాడు. ట్రిగ్గర్ పెట్టెను శుభ్రం చేసి, సేఫ్టీ సరిగా పనిచేస్తోందని పదేపదే చూశాడు. కొత్త గార్డు వచ్చేదాకా ఆమె వేరే రైఫిల్‌తో పని చేసుకుంది.

గార్డు వచ్చాక దాన్నీ, స్కోప్ స్క్రూలనూ ఆమె తానే బిగించింది. గ్లౌజులు వేసుకుంది, కిటికీ తెరిచింది, మరల మీది నూనె తుడిచేసింది. మళ్లీ విప్పగలిగే నీలం జిగురు ఒక్కో స్క్రూకు ఒక్క చుక్క వేసి, కారినదాన్ని గుడ్డతో తీసేసింది. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూలకు ఏమీ పెట్టకుండా చేతి బలంతో బిగించి ఆపింది. జిగురు ఆరడానికి ఒక రోజంతా వదిలేయాలని రైఫిల్‌ను పక్కన పెట్టింది.

కృష్ణచైతన్య గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. "సారీ విజయా. నేను అడగాల్సింది," అన్నాడు.

"అవును. అడగాల్సింది," అంది తలెత్తకుండా. కోపం చల్లారలేదు, చల్లార్చుకోవాలనీ ఆమెకు అనిపించలేదు.

అతను లోపలికి వెళ్లి టీ పెట్టాడు. ఆమె గ్లౌజులు విప్పి, చేతులు కడుక్కుని, ఆ కప్పు అందుకుంది.