దూలానికి కట్టిన మూట

ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నప్పుడు నేను ఒక కన్ను తెరిచి చూసేవాణ్ణి. ఎవరు నిజంగా మూసుకున్నారు, ఎవరు ఊరికే రెప్పలు వాల్చారు, ఎవరు పక్కావిడ చీర అంచు చూస్తున్నారు, అన్నీ నాకు తెలిసేవి. సంఘ పెద్దగా అది నా బాధ్యత అనుకునేవాణ్ణి. మా ఆవిడ మాత్రం దాన్ని జబ్బు అనేది.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు వెళ్లిన కొత్తలో సంగతి ఇది. అప్పుడు నేను జమ్మలమడుగులో బడిపంతులుని. మా తాత కాలం నుంచీ క్రైస్తవులం, చర్చిలో ముందు వరస మాది. మా ఆవిడ పుట్టిల్లు సింహాద్రిపురం దగ్గర ఒక పల్లె. గొర్రెలు మేపే ఇల్లు. ఆమె చిన్నప్పుడే జమ్మలమడుగు వచ్చి, హాస్టల్లో ఉండి చదువుకుని, ఇక్కడే బాప్తిస్మం తీసుకుంది. ఆ తర్వాతే మా పెళ్లి. ఆమె తల్లిదండ్రులు ఆ పెళ్లికి వచ్చారు గానీ చర్చి గడప తొక్కలేదు. వాకిట్లో కూర్చుని, అన్నం తిని, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయారు.

మా మామ పోయిన ఏడాది మా అత్త పులివెందుల బస్సు దిగి మా ఇంటికి వచ్చేసింది. చంకలో కంబళి, చేతిలో చిన్న గుడ్డ మూట, అంతే ఆమె ఆస్తి. గొర్రెలు అమ్మేసింది. కూతురు తప్ప ఇంకెవరూ లేరు. వచ్చి ఎంతో కాలం కాలేదు, తనకూ బాప్తిస్మం కావాలంది.

మా వైపు అత్త అల్లుడి ఎదుట పడదు, నేరుగా మాట్లాడదు. తలుపు చాటున నిలబడి కూతురితో చెప్పింది. నేను అక్కడే మంచం మీద కూర్చుని బడి పిల్లల పుస్తకాలు దిద్దుతున్నాను.

"మీ ఆయప్పకు చెప్పు మ్మే, నేను గూడా నీళ్లు పోయించుకుంటానని."

విన్నాను. వినగానే నాకు కలిగింది సంతోషం కాదు, అనుమానం. ఇన్నేళ్లు గడప తొక్కని మనిషికి ఇప్పుడే దేవుడు ఎందుకు గుర్తొచ్చాడు? అల్లుడింట్లో ఊరికే తింటోందని ఎవరైనా అంటారని, మతంలో కలిస్తే ఇంటి మనిషి అయిపోవచ్చని లెక్క వేసిందా? మిషను ఆసుపత్రిలో మందులు తేలిగ్గా దొరుకుతాయనా? అటువంటి వాళ్లను చూశాను. జబ్బు తగ్గేదాకా ప్రభువా అనడం, తగ్గాక కొండకు పోయి గుండు కొట్టించుకోవడం. ఒక్కరిద్దరిని చూసి లోకాన్నంతా అదే కాటాలో తూచే గుణం నాది.

ఆ మాటే మా ఆవిడతో అన్నాను. ఆమె రొట్టె తడుతూ తల కూడా ఎత్తలేదు.

"మా యమ్మకు గుళ్లో ఏం పని ఉంటాది, దేవునితో తప్ప?"

"ఆ దేవునితో ఏం పని అనేదే నేను అడుగుతాండా."

"నీకు ఎంత పనుందో ఆమెకూ అంతే పనుంటాదిలే," అని రొట్టె పెనం మీద వేసింది.

మా అత్త మరుసటి ఆదివారం నుంచి చర్చికి రావడం మొదలుపెట్టింది. ఆడవాళ్ల చాప మీద చివర్న, గోడకు ఆనుకుని కూర్చునేది. అందరూ లేచినప్పుడు లేచేది కాదు. అందరూ పాడుతుంటే నోరు కదిపేది కాదు. ఒక ఆదివారం నేను అలవాటు ప్రకారం ప్రార్థనలో ఒక కన్ను తెరిచి ఆడవాళ్ల వైపు చూస్తే, వంగిన తలల మధ్య ఒక్క తల నిటారుగా ఉంది. రెండు కళ్లూ బాగా తెరుచుకుని ఉన్నాయి. అవి సూటిగా నన్నే చూస్తున్నాయి. నేను గబుక్కున కన్ను మూశాను. ఆమె కొంగు మొహం మీదికి లాక్కుని ఉంటుంది, చూడలేదు. ఆ రోజు ప్రసంగం నాకు ఒక్క ముక్క ఎక్కలేదు.

ఇక్కడ మా సంఘం పద్ధతి ఒకటి చెప్పాలి. పొయ్యి మీద ఎసరు కాగాక, కొర్రలో జొన్న నూకలో పోసే ముందు, ఇంటి ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న చిన్న కుండలో వేస్తుంది. అది దేవుని కుండ. మా ఇంటి కుండకు సున్నంతో సిలువ గుర్తు కూడా వేసి ఉండేది. మనం తినబోయే దాంట్లోంచి తీసి ఇవ్వడం అందులో ముఖ్యం. మిగిలింది కాదు, ముందే తీసింది. ఆదివారం ఆడవాళ్లు ఆ కుండలు తెచ్చి బల్ల ముందున్న గంపలో పోస్తారు. గింజలు జలజలా రాలే ఆ చప్పుడు నాకు పాటల కంటే ఇష్టంగా ఉండేది. నా అనుమానాలు ఆ కాసేపు ఊరుకునేవి.

బాప్తిస్మాలు ఇవ్వడానికి ప్రొద్దుటూరు నుంచి పాదిరి అయ్యగారు ఈస్టరుకు వచ్చేవారు. ఆ పండుగ తప్పితే మళ్లీ ఏడాదిదాకా లేదు. మా అత్త అప్పటికే బాగా వంగిపోయింది, మెట్టు ఎక్కితే ఆయాసం. ఈ ఈస్టరు దాటితే తాను ఉంటానో లేదోనని కూతురి దగ్గర దిగులు పడేదట. బాప్తిస్మం అడిగిన వాళ్ల నడవడి గురించి ఇంటి తరఫున ఒకరు సాక్ష్యం చెప్పాలి. మా ఇంట్లో ఆ ఒకరు నేనే. ఆమె కోరిక నా నాలుక మీద ఉందన్నమాట.

అందుకని ఇంకా శ్రద్ధగా కనిపెట్టడం మొదలుపెట్టాను. విశ్వాస ప్రమాణం మా ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు నోటికి రాలేదు. పరలోక ప్రార్థన సగం దాకా వచ్చి, మళ్లీ మొదటికి పోయేది. ఒక రోజు మధ్యాహ్నం బడి వదిలాక అనుకోకుండా పెరటి దారిన ఇంటికి వచ్చాను. కట్టెల కొట్టంలో ఆమె నిలబడి ఉంది. పైన దూలానికి పసుపు పూసిన గుడ్డ మూట ఒకటి వేలాడుతోంది. దాన్ని రెండు చేతులా కళ్లకద్దుకుని ఏదో గొణుగుతోంది.

ముడుపు! అది ఏమిటో చెప్పడానికి పంచాంగం అక్కర్లేదు. కొండకు మొక్కుకున్న వాళ్లు మా ఊళ్లో ఇంటింటా కట్టేది అదే గుడ్డలో, అదే దూలానికి. నా ఇంటి దూలానికి, సంఘ పెద్ద ఇంటి దూలానికి ముడుపు! ఒళ్లు మండింది. ఆ మంటలోనే కొంచెం హాయి కూడా ఉంది, అబద్ధమెందుకు. నేను ముందే అనుకున్నానని చెప్పుకునే అవకాశం మనిషికి ఊరికే దొరకదు. చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగి వీధి వాకిలి నుంచి లోపలికి వచ్చాను. మా ఆవిడకు చెప్పలేదు.

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం నాటికి అయ్యగారు వచ్చారు. ఆరాధన అయ్యాక, ఈత మట్టలు ఇంకా నేల మీద పడి ఉండగానే, బాప్తిస్మం అడిగినవాళ్లను ముందుకు పిలిచారు. జనం కదల్లేదు, అందరికీ వినాలని ఉంది. నా వంతు వచ్చింది. దూలానికి మూట, గొణుగుడు, ప్రార్థనలో తెరిచి ఉన్న కళ్లు, అన్నీ చూసింది చూసినట్టు చెప్పాను. ఆడవాళ్ల చాప మీద మా ఆవిడ తల గిర్రున నా వైపు తిరిగింది. ఆ చూపు ఎదుర్కోలేక నేను బల్ల మీది సిలువ వైపు చూశాను.

మూట తెమ్మన్నారు. మా అత్త తానే వెళ్లి తెచ్చింది. అప్పటికి అది బాగా బరువెక్కింది, రెండు చేతులా ఎత్తుకుని వచ్చి అయ్యగారి ముందు నేల మీద పెట్టి, ఎగపోసుకుంటూ నిలబడింది.

"ఇందులో ఏముందమ్మా?" అన్నారు అయ్యగారు.

"గింజలు సామీ. దేవునివి."

"ఏ దేవునివి?" అన్నాడు నా పక్కనున్న ఇంకో సంఘ పెద్ద. ఆసుపత్రిలో కాంపౌండరు చేసి మానుకున్నాయన, గొంతు పెద్దది.

"ఈ గుళ్లో దేవునివే. ఇంగెవరివప్పా?"

"మన దేవునివైతే పసుపు గుడ్డేంది? దూలానికి కట్టేదేంది?"

"కింద పెడితే ఎలకలు తింటాయి. పసుపైతే పురుగు రాదు. అయినా ముడుపు ఇంగెట్లా కడతారో నాకు తెలీదు. నీళ్లు పోసిన దినం విప్పి ఆయన కాళ్లకాడ పోద్దామని కట్టినా. మొక్కు తీరకముందే విప్పగూడదు గదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. కాంపౌండరు వదల్లేదు. "మీ అల్లుడింట్లో దేవుని కుండ ఉండాది. ప్రతి ఆదివారం నిండుగా వస్తాంది. దాంట్లో ఏయకుండా ఈ చాటుమాటు యవ్వారం ఎందుకు?"

ఆ ప్రశ్న నాకు చాలా సబబుగా తోచింది. మా అత్త ఒకసారి కూతురి వైపు చూసి, తల దించుకుంది. అయ్యగారు మెల్లగా మళ్లీ అడిగారు. ఆమె పలకలేదు. దొరికిపోయిన మనిషి మౌనం అది అని నేను నిశ్చయించుకున్నాను.

"ఇంకా కొంత నేర్చుకోవాలమ్మా. వచ్చే ఏడాది చూద్దాం," అన్నారు అయ్యగారు.

ఆమె వాదించలేదు. వంగి మూటను ఎత్తుకోబోయింది. ఒక్కసారి పట్టు జారి మళ్లీ పట్టుకుంది. అప్పుడు చాప మీద నుంచి మా ఆవిడ లేచింది. మగవాళ్లు మాట్లాడుతుండగా చర్చిలో ఆడమనిషి లేవడం నేను అంతకుముందు చూడలేదు.

"అయ్యగారూ, మా యింటి కుండ నింపేది నేను. ఆదివారం పొద్దున సంచిలోనుంచి ఒకేతూరి గిన్నెతో పోస్తా. పూటపూటకీ పిడికెడు తీసేది ఎప్పుడో మానుకుంటి. మా యమ్మ వచ్చిన వారమే అది చూసింది. నన్ను ఒక మాట అనలా. తన రొట్టె జొన్నల్లోనుంచి, తన సంగటి గింజల్లోనుంచి తాను వేరేగా తీసి పెట్టుకునింది. ఇప్పుడు ఈడ చెప్తే నాకు తలవంపులని నోరు మూసుకునింది."

నేను ఆడవాళ్ల వైపు చూశాను. ఒక్కొక్క తలా కిందికి దిగుతోంది. కాంపౌండరు భార్య కొంగు సర్దుకోవడంలో మునిగిపోయింది. నేను ఇన్నేళ్లు చెవులారా విని మురిసిన ఆ జలజల చప్పుడు, ఎన్ని ఇళ్లలో ఆదివారం పొద్దున సంచిలోంచి వచ్చిందో! అన్ని కళ్లనూ కాపలా కాసినవాణ్ణి, నా పొయ్యి పక్కనున్న కుండలోకి ఒక్కసారీ తొంగి చూడలేదు.

అయ్యగారు మూటను మళ్లీ కింద పెట్టించారు. తర్వాత, "దాన్ని కళ్లకద్దుకుని ఏం ప్రార్థన చేస్తావమ్మా?" అన్నారు.

"నాకు ప్రార్థన రాదు సామీ. మా బిడ్డ నేర్పిస్తాంటే మరిసిపోతాండా."

"మరి గొణుగుతావట?"

ఆమె కొంగు ముందుకు లాక్కుంది. "ఉండావా సామీ, అని అడుగుతా. నేను ఉండా, నా బిడ్డ ఉండాది అని చెప్తా. మా అల్లుడు మంచోడే, శానా అనుమానం, ఆయప్పకు నిమ్మళం లేదు, ఆయప్పను గూడా చూసుకో అంటా. అంతే. మళ్లా పనికి పోతా."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"ప్రార్థనలో కళ్లు మూసుకోవట," అన్నాడు కాంపౌండరు, ఆఖరి ప్రయత్నంగా.

"మూసుకుంటే ఆయన వచ్చింది ఎట్లా తెలుస్తాదప్పా? ఇంటికి పెద్దమనిషి వస్తాంటే వాకిలి దిక్కు చూస్తామా, కండ్లు మూసుకుంటామా?"

అయ్యగారు వచ్చే ఏడాది మాట మళ్లీ ఎత్తలేదు, ఆ ఈస్టరుకే ఆమెకు బాప్తిస్మం అయింది. గంప దగ్గర మూట విప్పడానికి ఆమె వేళ్లకు బలం చాలకపోతే, ముడి నేను విప్పాను. కొర్రలు, జొన్నలు, నూకలు కలిసిపోయి ఉన్నాయి, పసుపు ఉన్నా అడుగున పురుగు పట్టింది. ఆమె అది చూసి నొచ్చుకుంది. అయ్యగారు అలాగే పోయమన్నారు. గుడ్డ మాత్రం ఆమె తిరిగి అడిగి తీసుకుని, ఇంటికి రాగానే మళ్లీ దూలానికి కట్టింది. నేను వద్దనలేదు. మా ఆవిడ ఆ రోజు నుంచి ప్రతి పూటా పిడికెడు తీసింది. నాతో సరిగ్గా మాట్లాడటానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

మా అత్త మరుసటి ఈస్టరు చూడలేదు.

ఆమె పోయాక ఒక పొద్దున కట్టెల కోసం కొట్టంలోకి వెళ్లాను. మూట దూలానికే ఉంది, సగం నిండి. దాని ముందు నిలబడి ప్రార్థన చేయబోయాను. సంఘంలో నా ప్రార్థనలకు పేరుంది. ఎంత పొడుగైనా తడబడకుండా చేస్తానని పొరుగూళ్లలో కూడా అంటారు. ఎవరు వింటారని చేసేవాణ్ణో అప్పుడు తెలిసింది. వినడానికి అక్కడ మనుషులెవరూ లేరు, నాకు ఒక్క వాక్యం రాలేదు. చివరికి మూట మీద చెయ్యి వేసి, "ఉండావా సామీ?" అన్నాను. అని, ఎవరైనా విన్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను.