ముహూర్తం నాడే ఆగిపోయే మెషిన్

కొన్నేళ్ళపాటు నా ఉద్యోగం తిట్లు తినడం. తిరుపతిలో లాడ్జీలకూ సత్రాలకూ వేడినీళ్ళ మెషిన్లు బాగుచేసే అంగడిలో ఫోను దగ్గర కూర్చునేదాన్ని. గుండు చేయించుకుని వచ్చిన యాత్రికుడికి కొళాయిలో చన్నీళ్ళు వస్తే అతను లాడ్జీ మేనేజరును తిడతాడు. మేనేజరు నన్ను తిడతాడు. నేను తిట్టడానికి నా కింద ఎవరూ లేరు. ఏం చెడిందో తెలియకుండా పొద్దస్తమానం క్షమాపణలు చెప్పడమంత చిరాకు పని లోకంలో ఇంకొకటి ఉండదు.

ఒకరోజు ఆ చిరాకులోనే అంగడి యజమాని దగ్గరికి వెళ్ళి నాకూ పని నేర్పమన్నాను. ఆయన్ని మేమందరం అన్నా అనే పిలుస్తాం. మెకానిక్కులున్నా తనూ రిపేర్లకు వెళ్ళే మనిషి. మాట తక్కువ, వెటకారం ఎక్కువ.

"మిద్దెలెక్కాల, బరువులు మోయాల. అయితాదా నీకు?" అన్నాడు.

"ఇన్ని తిట్లు మోసినదాన్ని, స్పానర్లు మోయలేనా అన్నా?" అన్నాను.

మాది కార్వేటినగరం పక్క పల్లె. చెరకుతోట మోటారు మొరాయించినప్పుడల్లా మా నాయన స్టార్టరు పెట్టె విప్పి టెస్టరు నా చేతికిచ్చేవాడు. కరెంటంటే భయం అప్పుడే పోయింది. కానీ అంగడిలో బాగుచేసే హీట్ పంపు అంటే ఉత్త మోటారు కాదు. తిరగేసిన ఫ్రిజ్జు అనుకోమన్నాడు అన్న. ఫ్రిజ్జు లోపలి వేడిని లాగి బయట వదిలేస్తుంది. ఇది బయటి గాలిలోని వేడిని లాగి నీళ్ళకు పట్టిస్తుంది. వెనకనుంచి గాలి పీల్చుకుని, వేడి పోగొట్టుకున్న ఆ గాలిని ఫ్యానుతో ముందుకు చల్లగా ఊదేస్తుంది. ఎండాకాలంలో లాడ్జీల మిద్దెలమీద పని పడితే మేం ఆ ఫ్యాను ముందే కూర్చుని అన్నం తినేవాళ్ళం. తిరుపతి ఎండలో అంతకన్నా సుఖం నేనెరగను.

నేర్చుకోవడమంటే మొదట్లో తప్పులు చెప్పడమే. ఒక లాడ్జీలో నీళ్ళు వేడెక్కడం లేదంటే మెషిన్ మూతలన్నీ విప్పేసి, కంప్రెసరు పోయిందని తేల్చేశాను. అన్న నీళ్ళ పైపుకున్న చిన్న జల్లెడ ఊడదీసి, అందులో చేరిన బోరు ఇసుకను నా అరచేతిలో పోశాడు.

"కంప్రెసరు పోలేదుమ్మా, నీ ఓపిక పోయినాది" అన్నాడు.

ఫోనులో ఊరందరికీ సలహాలు చెప్పినదాన్ని. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. అయినా మానలేదు. పీడనం చూసే గేజీలు తగిలించడం, సబ్బునీళ్ళ నురగతో గ్యాసు లీకు పట్టడం, సున్నం పట్టిన పైపులు కడగడం ఒక్కొక్కటే చేతికి వచ్చాయి. ఇంటికి వెళ్ళేసరికి నడుము విరిగిపోయేది గానీ, మనసు మాత్రం తేలిగ్గా ఉండేది.

మాఘమాసం పెళ్ళిళ్ళు మొదలవగానే పుత్తూరు నుంచి కార్వేటినగరం వెళ్ళే దారిలోని ఒక కల్యాణ మండపం మా అంగడి ప్రాణం తీయడం మొదలుపెట్టింది. అక్కడి హీట్ పంపు మామూలు రోజుల్లో చక్కగా నడుస్తుంది. ముహూర్తం నాడే ఆగిపోతుంది. లోపల పీడనం పడిపోయిందని తెరమీద చూపించి మూగనోము పడుతుంది. మా మెకానిక్కులు ఒకరి తర్వాత ఒకరు వెళ్ళారు. వాళ్ళు వెళ్ళేసరికి అది పని చేస్తూనే ఉంటుంది. ఒకాయన గ్యాసు తగ్గిందేమోనని కాస్త నింపి వచ్చాడు. తర్వాతి ముహూర్తానికి మళ్ళీ అదే కథ. ఇంకొక్క పెళ్ళిలో ఆగిందంటే మెషిన్ పీకించి కట్టెల బాయిలరు పెట్టించుకుంటామని మండపం మేనేజరు ఫోనులో కేకలు వేశాడు.

అన్న నన్ను పిలిచాడు.

"ఈసారి నువ్వే పో. కనుక్కుంటే ఇంకమీద నీ పన్లు నీవి, నా తోడు అవసరం లేదు. కనుక్కోలేకపోతే మళ్ళా ఫోను కాడ కూర్చో. ఫోనెత్తే మనిషి లేక కష్టంగా ఉండాది."

ఇన్నాళ్ళూ ఆయన వెనక సంచి మోస్తూ తిరగడం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఆ కుర్చీలోకి మళ్ళీ వెళ్ళడమంటే నాకు చావుతో సమానం.

మొదటిసారి వెళ్ళిన రోజు మండపం ఖాళీగా ఉంది. మిద్దె శుభ్రంగా ఊడ్చి ఉంది. మెషిన్ ఆవులా నెమ్మదిగా ఉంది. గేజీలు తగిలిస్తే పీడనం ఎంత ఉండాలో అంతే ఉంది. జాయింట్లన్నిటికీ సబ్బు నురగ రాశాను, ఒక్క బుడగ రాలేదు. కిందికి దిగితే మేనేజరు మొహం చిట్లించాడు. మోకాళ్ళ నొప్పులతో ఆయన మిద్దె ఎక్కడు, కింద నుంచే అన్నీ నడిపిస్తాడు.

"మీరొచ్చినప్పుడు బాగనే ఉంటాది తల్లీ. పెండ్లి నాడు వచ్చి సూడు, దాని వయ్యారం తెలస్తాది."

కోపంతో అన్నాడేగానీ ఆ మాట నన్ను పట్టుకుంది. పెళ్ళినాడు ఏం మారుతుంది? సీరియల్ లైట్లు, మైకులు, వంటింటి గ్రైండర్లు. వోల్టేజి పడిపోతోందన్న మాట! దొరికిందనుకున్నాను. వచ్చే ముహూర్తం నాడే వస్తానని చెప్పి బస్సెక్కాను.

ఆ రోజు పొద్దున్నే వెళ్ళేసరికి సన్నాయి మొదలైంది. మేనేజరు గేటు దగ్గరే ఎదురుపడ్డాడు.

"మళ్ళా ఆగిపోయినాదిమ్మా! పెండ్లికూతురికి నలుగు పెట్టినారు. తొట్టిలో ఉండే నీళ్ళు గోరువెచ్చగా కూడా లేవు. బిన్నా సూడు, టైము లేదు!"

మెయిన్ బోర్డు దగ్గరికి పరిగెత్తి మీటరు పెట్టాను. వోల్టేజి నిక్షేపంగా ఉంది. నాకున్న ఒకే ఒక్క ఊహ అక్కడే చచ్చిపోయింది. మెట్లెక్కుతుంటే అంగడి ఫోను మోత చెవుల్లో వినిపించిందంటే నమ్మండి.

మిద్దె మీదికి వెళ్ళి చూస్తే మెషిన్ కనిపించలేదు. దాని చోట గుడారం ఉంది. టార్పాలిన్ పట్టను మెషిన్ చుట్టూ, పైనా కట్టేశారు. పక్కన పంచె గోచీ పోసుకుని, నుదుట నామాలతో మండపం వంటస్వామి కాపలాగా నిలబడి ఉన్నాడు.

"దూరం, దూరం! ముట్టుకోవద్దమ్మాయ్, మడి!" అన్నాడు.

దూరం నుంచే పట్ట అంచు కర్రతో ఎత్తి చూశాను. ఫ్యాను ముందు పెళ్ళి దండలు, పూలబుట్టలు, తడిబట్ట కప్పిన తమలపాకులు, పెరుగు క్యాన్లు వరసగా పేర్చి ఉన్నాయి. వెనక్కి వెళ్ళి చూస్తే మెషిన్ గాలి పీల్చుకునే రేకుల మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది.

"ఇవన్నీ ఈడ ఎందుకు స్వామీ?" అన్నాను.

"మరి యాడ పెట్టేది? కింద ఫ్రిజ్జులో కోడిగుడ్లు పెడతారు, ఎవరెవరో తాగిన నీళ్ళ సీసాలు పెడతారు. దేవుడికి చూపించే దండలు దాంట్లో పెడితే మైల గదా? ఈ గాలి ఎవరూ ముట్టుకోనిది. చల్లదనం పారిపోకుండా పట్ట కట్టినాము. పొద్దున్నే పూలెట్లా ఉన్నాయో సూడు, ఇప్పుడే కోసినట్టు!"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మెషిన్ ఊదిన చల్లగాలి ఆ పట్టలోపలే తిరిగి తిరిగి మళ్ళీ మెషిన్ ముక్కులోకే వెళుతోంది. అందులో లాగడానికి వేడే లేదు. రేకులకు మంచు పట్టింది, పీడనం పడిపోయింది, అది ఆగిపోయింది. ముహూర్తం ముందురోజు సాయంత్రం పట్ట కడతారు. పెళ్ళవగానే విప్పి, మిద్దె ఊడ్చి పెడతారు. మెకానిక్కు వచ్చేసరికి మంచు కరిగి ఆరిపోయి ఉంటుంది. ఇక ఎవరికి దొరుకుతుంది?

"స్వామీ, దానికి ఊపిరాడడం లేదు. పట్ట విప్పితేనే పెండ్లికూతురికి నీళ్ళు" అన్నాను.

"నా పూలు?"

"పక్కన ఆ చిన్న గది ఉండాది గదా. రేకు గొట్టం పెట్టి ఈ చల్లగాలంతా నేరుగా ఆ గదిలోకే తెప్పిస్తాను. తాళం మీ దగ్గరే పెట్టుకోండి, ఎవరూ ముట్టుకోరు. ఈ ఒక్కరోజుకు నా మాట వినండి."

ఆయన ఒక నిమిషం పూలవైపు చూశాడు, ఒక నిమిషం నావైపు చూశాడు. కింద నుంచి ఎవరో ఆడవాళ్ళు వేడినీళ్ళేవని అరుస్తున్నారు. ఆయనే పట్ట తాళ్ళు విప్పాడు. మడి కదా, బుట్టలు కూడా తనే నీడకు మార్చుకున్నాడు. నేను ట్యాంకు నీళ్ళు చెంబుతో పోసి మంచు కరిగించాను. రేకులు తేటపడ్డాక స్విచ్ వేశాను. ఫ్యాను తిరిగింది, కంప్రెసరు గుర్రుమంది. తెరమీద నీళ్ళ వేడి అంకె కదలకుండా నిలబడింది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఒక అంకె పెరిగింది. ఇంకొకటి. ఆ తర్వాత తీరిగ్గా ఎక్కుతూ పోయింది.

పెళ్ళికూతురు స్నానం కాస్త ఆలస్యమైంది గానీ ముహూర్తం తప్పలేదు. కింద నుంచి మేనేజరు "వస్తా ఉండాయి, వేడిగా వస్తా ఉండాయి!" అని అరిచిన అరుపు సన్నాయికన్నా మంగళకరంగా వినిపించింది. గుండెల మీది కుంపటి దిగింది. అన్నకు ఫోను చేశాను.

"గ్యాసు ఎంత పట్టినాది?" అన్నాడు.

"గ్యాసు కాదన్నా. పెండ్లి పూలకు మడి ఫ్రిజ్జు చేసుకోని, మెషిన్‌కు పట్ట కట్టినారు" అని జరిగిందంతా చెప్పాను.

ఆయన పడీపడీ నవ్వడం వినిపించింది. అంత నవ్వు ఆయన దగ్గర నేనెప్పుడూ వినలేదు.

"సరే, ఆ గొట్టానికి కొలతలు తీసుకోని రా. రేపు కాణిపాకంలో ఒక సత్రం ఉండాది, ఇంటికాడ నుంచే నేరుగా పో. పనిముట్ల సంచి అంగడికి తేవద్దు, నీ కాడే పెట్టుకో."

ఫోను పెట్టేసి మిద్దె మెట్లమీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. వంటస్వామి చూసి, పొద్దున్నుంచీ ఏమీ తినలేదేమోనని కంగారుపడి, ఆకు నిండా ఇడ్లీలు తెప్పించాడు. నిజంగానే ఆకలి దంచేస్తోంది. ఏడుస్తూనే తినేశాను.